లెక్క మొదలయ్యేలోపే ఖర్చయిపోతోంది

2024లో ఎన్నికల షెడ్యూలు మార్చి 16న వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో నామినేషన్లు ఏప్రిల్ 18 నుంచి 25 దాకా తీసుకున్నారు. మే 11 సాయంత్రంతో ప్రచారం బంద్, 13న పోలింగ్. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి ఖర్చుల పద్దు నామినేషన్ రోజున మొదలై ఫలితం రోజున ముగుస్తుంది. అంటే ఆఖరి రోజు నామినేషన్ వేసినవారికి లెక్కలోకి వచ్చే ప్రచారం 17 రోజులే. అంతకుముందు 40 రోజులు తిరిగిన జీపులు, పెట్టిన భోజనాలు అభ్యర్థి పద్దులోకి రావు. పడితే గిడితే పార్టీ ఖాతాలో పడతాయి. ముందే కొట్టించిన ఫ్లెక్సీని నామినేషన్ తర్వాత వాడితే మాత్రం అభ్యర్థి లెక్కలో చూపాలి. ఈ మినహాయింపు ఉన్నా అసలు కన్నం పూడదు.

2022 జనవరి నుంచి మన దగ్గర అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. రెండున్నర లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో ఒక్కో ఓటరుకు 16 రూపాయలు. సర్వేపల్లి నుంచి సత్యవేడు దాకా ఏడు సెగ్మెంట్లున్న తిరుపతి లోక్‌సభ స్థానంలోనైతే సెగ్మెంటుకు పదమూడున్నర లక్షలు. పరిమితి చాలదనే వాదనలో నిజముంది. కానీ పద్దు మొదలయ్యే తేదీని షెడ్యూలు వచ్చిన రోజుకు జరపకుండా పరిమితి పెంచితే, దొంగ లెక్కకు కాస్త చోటు పెంచినట్టే.

రెండో కన్నం స్టార్ క్యాంపెయినర్లు, అంటే పార్టీ తరఫున ఊరూరా ప్రచారం చేసే పెద్ద నేతలు. గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది. వారి హెలికాప్టర్, విమాన ఖర్చు అభ్యర్థికి అంటదు. సభ ఖర్చు సంగతి వేరు. వేదికపై అభ్యర్థి ఉన్నా, ఫ్లెక్సీ మీద అతని పేరో ఫొటోనో ఉన్నా ఆ ఖర్చు అతని పద్దులో పడుతుంది; ఇద్దరు ముగ్గురుంటే పంచుతారు. అందుకే కొన్ని సభల్లో అధినేత బొమ్మ తప్ప మరొకటి కనిపించదు. అప్పుడు ఖర్చంతా పార్టీది, పార్టీ ఖర్చుకేమో పరిమితే లేదు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో పార్టీ పెట్టిన ఖర్చునూ అభ్యర్థి లెక్కలో చూడాలని సుప్రీంకోర్టు అంటే, అలా చూడక్కర్లేకుండా పార్లమెంటు చట్టాన్నే మార్చేసింది. 2003 సవరణ ఆ తలుపును సగమే మూసింది. అసెంబ్లీ ఎన్నికలయ్యాక 75 రోజుల్లో పార్టీలిచ్చే ఖర్చు నివేదికను నియోజకవర్గాలవారీగా విడగొట్టి ఇవ్వమంటే మిగతా సగం బయటపడుతుంది.

క్షేత్రస్థాయిలో జరిగేది ఇంకోలా ఉంటుంది. టీ, ఇడ్లీ, కుర్చీ, షామియానా, ఆటో మైకు అన్నిటికీ జిల్లా అధికారులు రేట్లు ఖరారు చేస్తారు. వీడియో బృందాలు సభను చిత్రిస్తాయి, ఆ ఖర్చును అధికారులు తాము విడిగా ఉంచుకునే షాడో రిజిస్టర్‌లో రాస్తారు. ప్రచార సమయంలో కనీసం మూడుసార్లు అభ్యర్థి రిజిస్టర్‌తో పోల్చి చూస్తారు. తేడా వస్తే నోటీసు. వీడియోలో వెయ్యి కుర్చీలుంటే టెంట్ హౌస్ బిల్లులో రెండొందలుంటాయి. ఒక్కరికి ఎన్నిక మొత్తమ్మీద పదివేలకు మించి నగదు ఇవ్వకూడదు. ఒకే పనికి బావమరిదులూ మేనల్లుళ్లూ కలిసి నాలుగు బిల్లులిస్తే ఆ నిబంధనా దాటేసినట్టే.

దీనికి మందు చట్టంలోనే ఉంది. 127ఏ సెక్షన్ కింద ఎన్నికల పోస్టరు, కరపత్రం అచ్చువేసే ప్రెస్సు తన పేరు వేయాలి, ఎవరు వేయించారో అధికారులకు పత్రం పంపాలి. ఇదే బాధ్యతను టెంట్ హౌసులకూ వాహనాల యజమానులకూ వంట కాంట్రాక్టర్లకూ పెట్టి, మూడు రోజుల్లో బిల్లు నకలు పంపమంటే అభ్యర్థి చెప్పే అంకెకు బయటి సాక్ష్యం దొరుకుతుంది.

పంచే నోట్లు ఏ రిజిస్టర్‌కూ ఎక్కవు. ఎన్నికల వేళ 50 వేలు దాటిన నగదుకు ఆధారం చూపాలన్న నిబంధనతో తిరుపతిలో మొక్కు డబ్బుతో వచ్చే యాత్రికులు చెక్‌పోస్టుల దగ్గర సంచులు విప్పుకోవాల్సి వస్తోంది. ఊళ్లోకి ముందే చేరిపోయిన డబ్బు జోలికి ఎవరూ రారు. ఇక ప్రకాశం–నెల్లూరు–చిత్తూరు పట్టభద్రుల స్థానం వంటి ఎమ్మెల్సీ ఎన్నికలకు ఖర్చు పరిమితే లేదు, చట్టంలోని ఖర్చుల అధ్యాయం లోక్‌సభకూ అసెంబ్లీకే వర్తిస్తుందని 76వ సెక్షన్ తేల్చేసింది.

వీటిలో చాలావాటికి ఢిల్లీ కదలాలి. పంచాయతీలకు అక్కర్లేదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం రాష్ట్రానిది, సవరించే అధికారం మన అసెంబ్లీది. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తులతో జరగదు కాబట్టి పార్టీ ఖాతా అనే చాటు కూడా లేదు. మండలంలో టెంట్ హౌసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బిల్లు నకలు నిబంధన మొదట ఇక్కడే పెట్టి చూడవచ్చు.

కానీ ఇక్కడ అసలు చిక్కు ఏకగ్రీవం. 2021 ఫిబ్రవరిలో చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాల ప్రకటనను రాష్ట్ర ఎన్నికల సంఘం కొన్నాళ్లు ఆపించింది. పంచాయతీ జనాభాను బట్టి 5 నుంచి 20 లక్షల దాకా ప్రభుత్వ ప్రోత్సాహకం అప్పట్లో ప్రకటించారు. పోటీయే లేనప్పుడు చూపడానికి ప్రచార ఖర్చూ పెద్దగా ఉండదు. రచ్చబండ మీద పదవి వేలం పాడి గుడికో చెరువుకో ఇస్తానన్న సొమ్ము ఏ అధికారి చూస్తాడు? ఏకగ్రీవంగా ఎన్నికైనవారి దగ్గరే కాదు, నామినేషన్ ఉపసంహరించుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా డబ్బు ఇవ్వలేదు, తీసుకోలేదని రిటర్నింగ్ అధికారి ప్రమాణపత్రం తీసుకోవాలి. అది అబద్ధమని తేలితే పదవి పోయేలా చట్టంలో ఒక వాక్యం చేర్చాలి.