పెరుగన్నం దాకా రాని భోజనం

మొన్న ముంబై విమానం ఎక్కే ముందు ఎయిర్‌పోర్టులో ‘ఆంధ్రా మీల్స్’ తిన్నాను. తిన్నాను అనడం గొప్పలకు పోవడమే. సాంబారు దాకా వెళ్లి వెనక్కొచ్చాను.

645 రూపాయలు ముందే కట్టించుకున్నారు. న్యాయమే, తిన్నాక మనసు మారొచ్చు కదా. పళ్లెం వచ్చింది. నడుమ గిన్నెలో నొక్కి బోర్లించిన అన్నం, నెత్తిన ఒకే ఒక్క కరివేపాకు. మారేడు దళం పెట్టిన శివలింగంలా ఉంది. కలపాలో, దండం పెట్టాలో తేలలేదు. చుట్టూ నాలుగు ఉగ్గుగిన్నెలు: పప్పు, కూర, సాంబారు, పెరుగు. గోంగూర పచ్చడి కూడా ఉందట. పళ్లెం అంచున మరకేమో అనుకుని తుడవబోయాను.

పప్పుకే లింగం సగం కరిగింది. మిగతాది సాంబారుకు సరి. పెరుగు మాత్రం బిక్కుబిక్కుమంటూ మిగిలింది. పెరుగన్నం పడకుండా లేస్తే అది భోజనమెలా అవుతుంది? “బాబూ, మారు అన్నం?” అన్నాను. “ఎక్స్‌ట్రా రైస్ 180 సార్.” “మరి నెయ్యి?” “అది వేరే బిల్లు సార్.” శ్రీకాకుళం యాస దాచుకోలేని కుర్రాడు, పాపం వాడేం చేస్తాడు. అటూ ఇటూ చూసి, “పెరుగు తాగీయండి సార్, గేటు మూసీస్తారు” అన్నాడు గుసగుసగా.

విమానం దిగినందుకు, ఆగినందుకు పెద్ద ఎయిర్‌పోర్టులు ఎంత పుచ్చుకోవాలో తేల్చడానికి 2008లో ఏకంగా చట్టం చేసి, మరుసటి ఏడాది ఒక సంస్థను పెట్టారు. విమానం మోసపోకూడదు. మనిషి ఇడ్లీ సంగతి దాని పరిధిలో లేదు. ఆ కుర్రాడి జిల్లా ఎంపీ రామ్మోహన్ నాయుడే విమానయాన మంత్రి. ఆయన 2024 డిసెంబరులో కోల్‌కతా ఎయిర్‌పోర్టులో ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచారు. టీ 10, సమోసా 20. ఎయిర్‌పోర్టు నీళ్లతోనూ పది రూపాయల టీ కాచవచ్చని ప్రభుత్వమే రుజువు చేసిందన్నమాట!

ఇంతలో పక్క టేబుల్ దగ్గర గొడవ. ముంబై మీదుగా మస్కట్ పోతున్న జగిత్యాల మనిషి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత తీశాడు. సూటు వేసుకున్న మేనేజరు వచ్చి, “ఆర్డర్ చేస్తేనే కూర్చోవాలి” అని లేపేశాడు. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లి, ఛార్జింగ్ పాయింట్ పక్కన నేల మీద కూర్చుని తిన్నాడు. ఆ హోటల్లో తొమ్మిది కుర్చీలు ఖాళీ. నేను లెక్కపెట్టాను. రెండేళ్లకోసారి ఇల్లు చూసే మనిషి, భార్య కలిపి పెట్టిన చివరి ముద్ద నేల మీద తినాలా? ఆయన టికెట్‌లో ఎయిర్‌పోర్టు బాగు కోసమని వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లేదా? ఏం డెవలప్ చేశారయ్యా దాంతో? అన్నం ముందు కూర్చున్నవాణ్ని లేపడం మా ఊళ్లో పగవాడు కూడా చెయ్యడు. సిగ్గుండాలి.

నేనూ లేచి ఏదో అనబోయాను. సరిగ్గా అప్పుడే మైకులో నా పేరు, ఫైనల్ కాల్. ఎంగిలి చేయి గాల్లో పెట్టుకుని, ఎడమ చేత్తో బ్యాగు ఈడ్చుకుంటూ, అత్తర్ల దుకాణాలన్నీ దాటి గేటు దగ్గరికి పరుగెత్తాను. అక్కడి అమ్మాయి చిరునవ్వుతో చెప్పింది, విమానం యాభై నిమిషాలు ఆలస్యమని.

వెనక్కి వెళ్లేసరికి పళ్లెం తీసేశారు, పెరుగు గిన్నెతో సహా.