ఇంక్రిమెంటుకు అడ్డం పడ్డ అపాస్ట్రఫీ

జీతం పెంచమని వేడుకునే మెయిలుకు మన ఆఫీసుల్లో స్థిరపడిన రూపం ఒకటుంది. మొదట డియర్ సర్, చివర యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, మధ్యలో వ్యాకరణ హత్య. నమూనా చిత్తగించండి:

“ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్. యెస్టర్‌డే ఐ హావ్ డిస్కస్డ్ అబౌట్ మై ఇంక్రిమెంట్ విత్ వన్ ఆఫ్ ది మేనేజర్. ఐ డిడ్ నాట్ గాట్ ఎనీ రిప్లై. కైండ్లీ రివర్ట్ బ్యాక్.”

నాలుగు వాక్యాలు, ఏడు తప్పులు. తప్పుకో శాతం చొప్పున పెంచినా ఏడు శాతం రావాలి. యాజమాన్యాలకు అంత సహృదయం ఎక్కడిది?

మొదటి వాక్యంలో అసలు ముద్దాయి మన “మూడేళ్ళ నుంచి”. నుంచి అనగానే చెయ్యి సిన్స్ మీదికి పోతుంది. సిన్స్‌కు మొదలైన ఘడియ కావాలి: సోమవారం, జూన్, 2022. గడిచిన వ్యవధి చెప్పాలంటే ఫర్. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పని కాబట్టి “ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్”. ఐ యామ్ వర్కింగ్ అంటే ఈ క్షణాన పనిలో ఉన్నానని చెప్పుకోవడం. చాలామంది విషయంలో అది దొంగ సాక్ష్యం కూడా.

ఇక హావ్. వట్టి డిస్కస్డ్ బోసిగా ఉందని దానికి హావ్ తొడుగుతాం. యెస్టర్‌డే, లాస్ట్ వీక్ లాంటి గడిచిపోయిన కాలం పక్కన అది నిలవదు. “యెస్టర్‌డే ఐ డిస్కస్డ్” చాలు. అబౌట్ కూడా దండగే, డిస్కస్‌లోనే “గురించి” కలిసి ఉంది. అబౌట్ లేనిదే నిద్ర పట్టకపోతే టాక్ వాడుకోవచ్చు. వన్ ఆఫ్ తరవాత మేనేజర్స్ అని బహువచనం రావాలి. క్రియ మాత్రం ఆ ఒక్కడిదే: “వన్ ఆఫ్ ది మేనేజర్స్ వాజ్ ఆన్ లీవ్”.

డిడ్ నాట్ గాట్ సంగతి: డిడ్‌లోనే భూతకాలం ఉంది, కనుక గెట్ అనాలి. వాక్యానికి ఒక భూతం చాలు.

రివర్ట్ అంటే వెనకటి స్థితికి మళ్ళడం. యజమాని దాన్ని అక్షరాలా పాటిస్తే జీతం ఉద్యోగంలో చేరిన నాటి అంకెకు పోతుంది. ప్లీజ్ రిప్లై అనడం ఆర్థికంగా క్షేమం.

సంతకం పైన యువర్స్‌లో ఎస్ ముందు అపాస్ట్రఫీ, అంటే అక్షరాల నెత్తిన వేలాడే కామా లాంటి గుర్తు, గుచ్చేవారు విధేయతకు బొట్టు పెడుతున్నామనుకుంటారు. యువర్స్, హర్స్, అవర్స్, థెయిర్స్ నాలుగింటికీ అది నిషిద్ధం. ఇట్స్ దగ్గర మాత్రం ఇట్ ఈజ్ అనో, ఇట్ హాజ్ అనో విడదీసి చదవాలి. అర్థం కుదిరితే పెట్టాలి, లేకపోతే తీసేయాలి.

స్పెల్‌చెక్ ఉందిగా అంటారు. మేనేజర్ స్పెల్లింగులో రెండో ఏ జారిపోతే మేంజర్ అవుతుంది, అంటే పశువుల మేత తొట్టి. అదీ నిఘంటువులో ఉన్న మాటే కాబట్టి ఎర్ర గీత పడకపోవచ్చు. అందుకే పంపే ముందు చివరి వాక్యం నుంచి పైకి చదవాలి: ఒక విడత క్రియలు, ఒక విడత అబౌట్, బ్యాక్ లాంటి తోకలు, ఆఖరున పేర్లూ హోదాలూ. గడ్డి తింటాడని ఆఫీసంతా గుసగుసలాడుకునే సారుకు డియర్ మేంజర్ అని రాస్తే, అది టైపింగ్ పొరపాటని ఏ విచారణ కమిటీ నమ్మదు.