బ్యాగు తెరిచి చూపించమన్న రోజు

పోయిన వారం మా బ్యాంకువాళ్లు మమ్మల్ని ఒక హోటల్లో రెండు రోజులు కూర్చోబెట్టి "టీమ్‌లో నమ్మకం పెంచడం ఎలా" అని ట్రైనింగ్ ఇచ్చారు. కళ్లు మూసుకుని వెనక్కి పడిపోవాలి, వెనకున్నవాళ్లు పట్టుకోవాలి. అందరం పడ్డాం, అందరం పట్టుకున్నాం, ఫోటోలు దిగాం. రెండో రోజు సాయంత్రం ఏడున్నరకి రోజూ ఉండే రివ్యూ కాల్ ఆ హోటల్ లాబీలో నుంచే జాయిన్ అయ్యాం. ఆ కాల్‌లో ఏ బ్రాంచ్‌లో ఎవరు ఇన్సూరెన్స్ జీరో చేశారో, అంటే ఒక్క పాలసీ కూడా అమ్మలేదో, పేరుపేరునా పైకి చదివారు. డిగ్రీ అయి ఏడాది కూడా కాని ఒక పిల్లాడి పేరు చదివి, "ఉన్నావా లైన్లో, మాట్లాడు, ఎందుకు జీరో?" అని అరవై మంది వింటుండగా అడిగారు. వాడు మ్యూట్ తీసి ఏమీ మాట్లాడలేకపోయాడు. పొద్దున మమ్మల్ని వెనక్కి పడమన్నదీ వీళ్లే.

అప్పటినుంచి ఇది రాయాలనే ఉంది. పన్నెండేళ్లుగా ప్రైవేటు బ్యాంకుల్లో పని చేస్తున్నాను, మొదట క్యాష్ కౌంటర్‌లో, తర్వాత ఆపరేషన్స్‌లో, ఇప్పుడు నాలుగేళ్లుగా బ్రాంచ్ మేనేజర్‌గా. పైవాళ్లని నమ్మినదాన్ని, నమ్మి దెబ్బతిన్నదాన్ని, నా కింది పిల్లలు నన్ను నమ్మితే నేనే మాట నిలబెట్టుకోలేకపోయినదాన్ని కూడా. ఈ మూడూ చూశాను కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్పగలను. ఆఫీసులో నమ్మకం కింద నుంచి మొదలవదు. ఎవరి చేతిలో అప్రైజల్, లీవు, ట్రాన్స్‌ఫర్ ఉన్నాయో వాళ్లే ముందు నమ్మాలి, నష్టం వస్తే వాళ్లే ముందు భరించాలి. నెలకి పాతిక వేలు వచ్చే పిల్లాడిని ముందు నువ్వు నన్ను నమ్ము అనడం అన్యాయం. వాడి దగ్గర పోగొట్టుకోవడానికి ఆ ఉద్యోగం ఒక్కటే ఉంది.

2016 నవంబర్. పెద్ద నోట్లు రద్దు చేశాక బ్యాంకులు 10వ తేదీన తెరిచారు. నేను క్యాష్‌లో ఉన్నాను, భీమవరం దగ్గర ఒక చిన్న బ్రాంచ్. షట్టర్ తీసేసరికి లైను రోడ్డు మలుపు దాటిపోయింది. మనిషికి నాలుగు వేల వరకు మార్చి ఇవ్వాలి, ఆధార్ జిరాక్స్ తీసుకోవాలి, ఫారం చూడాలి, పాత నోట్లు లెక్కపెట్టాలి, కొత్తవి ఇవ్వాలి. వందనోట్లు పదకొండింటికే అయిపోయాయి. మిగిలినవి కొత్త రెండువేల నోట్లు, అవి కొత్తవి కావడంతో ఒకదానికొకటి అతుక్కుని వచ్చేవి. భోజనం లేదు, బాత్రూమ్‌కి లేవాలన్నా లైన్లో వాళ్లు అరిచేవారు. రాత్రి క్యాష్ క్లోజ్ చేస్తే ఎనిమిది వేలు తక్కువ. అంటే నాలుగు నోట్లు. అప్పటి నా జీతంలో అది సగం.

మా మేనేజర్ గారు రిటైర్మెంట్‌కి రెండేళ్ల దూరంలో ఉన్న మనిషి. వచ్చి నా పక్క స్టూల్ మీద కూర్చుని, "స్లిప్పులు ఇటు ఇవ్వమ్మా, నేను చదువుతా, నువ్వు సిస్టమ్‌లో చూడు" అన్నారు. పదకొండున్నర వరకు ఒక్కొక్క ఫారమూ చూశాం. దొరకలేదు. ఎవరికో నోటు కింద నోటు వెళ్లిపోయింది, అంతే. షార్టేజీ ఉన్నది ఉన్నట్టు రిజిస్టర్‌లో రాయించారు, దాచమనలేదు, రేపు సర్దుకుందాం అనలేదు. నా చేతి నుంచి కట్టాల్సిన డబ్బులో సగం ఆయన వేశారు. వద్దన్నాను, వినలేదు. మర్నాడు పొద్దున అందరి ముందూ చెప్పారు, "నిన్న ఈ పిల్లని పదకొండు గంటలు మధ్యలో లేవనివ్వకుండా కూర్చోబెట్టింది నేను. తప్పు నాది. ఇవాళ్టినుంచి రెండు గంటలకొకసారి కౌంటర్ మారుస్తాను." మార్చారు కూడా, ఆయనే వచ్చి కౌంటర్‌లో కూర్చున్నారు.

ఆ మనిషి ఆ తర్వాత ఏ ఆదివారం రమ్మన్నా వెళ్లాను. ఎందుకని అడగలేదు.

రెండేళ్ల తర్వాత ఇంకో బ్రాంచ్, ఇంకో మేనేజర్. ఈసారి తక్కువొచ్చింది ఐదొందలు, నా పక్క కౌంటర్ అమ్మాయికి. క్యాబిన్‌లోంచి బయటికొచ్చి, కస్టమర్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉండగానే, "బ్యాగు తెరిచి చూపించు" అన్నాడు. ఆ అమ్మాయి తెరిచింది. లంచ్ బాక్సు, గొడుగు, బస్ పాసు, ఒక మందుల కవరు. అన్నీ బల్ల మీద పెట్టింది. ఐదొందలు తర్వాత ఎక్సెస్‌గా ఏటీఎం క్యాష్‌లో దొరికింది, లోడ్ చేసేటప్పుడు జరిగిన పొరపాటు. దొరికాక ఆయన ఆ అమ్మాయికి ఒక్క మాట కూడా చెప్పలేదు. మేం ఎనిమిది మందిమి ఉన్నాం ఆ బ్రాంచ్‌లో. ఆ రోజు నుంచి ఎవరికి ఏ పొరపాటు జరిగినా ముందు చేసే పని దాచడం. తక్కువొస్తే జేబులోంచి వేసేవాళ్లం, ఎక్కువొస్తే చెప్పడానికి భయపడేవాళ్లం. ఒకసారి ఒక కేవైసీ తప్పు మూడు నెలలు ఎవరూ చెప్పక ఆడిట్‌లో బయటపడితే, "నాకెందుకు చెప్పలేదు" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. నాకైతే ఆ ఆశ్చర్యమే అర్థం కాలేదు.

అదే మేనేజర్ టైంలో జరిగిన ఇంకో సంగతి చెప్తాను, ఇది ఇప్పటికీ నన్ను నిద్రలో లేపుతుంది. రిటైరైన ఒక టీచర్ గారు ఎఫ్‌డీ మెచ్యూర్ అయిందని వచ్చారు. పొద్దున మీటింగ్‌లో మాకు చెప్పేది "కస్టమర్‌కి అబద్ధం చెప్పకండి" అని. సాయంత్రం నాలుగు దాటితే చెప్పేది "ఎలాగైనా ఇవాళ రెండు పాలసీలు కావాలి" అని. ఆ "ఎలాగైనా" అనే మాటలో ఏముందో మాకందరికీ తెలుసు. మాలో ఒకతను ఆ టీచర్ గారికి "ఎఫ్‌డీ లాంటిదే సార్, వడ్డీ ఎక్కువ" అని పాలసీ రాయించాడు. ఏడాది తర్వాత రెండో ప్రీమియం కట్టమని మెసేజ్ వచ్చేవరకు అది ప్రతి ఏడూ కట్టాల్సిందని ఆయనకి తెలియదు. వెనక్కిచ్చే ఫ్రీ లుక్ గడువు ఎప్పుడో అయిపోయింది. కంప్లైంట్ పెడితే మేనేజర్ ఆ పాలసీ రాయించినతనితో అన్న మాట, "అలా అమ్మమని నేనెక్కడ చెప్పాను? మెయిల్ చూపించు." మెయిల్ ఎక్కడుంటుంది? ఇలాంటివన్నీ నోటిమాటే కదా. అతనికి మెమో ఇచ్చారు. ఆ నెల టాప్ బ్రాంచ్ షీల్డు మాత్రం క్యాబిన్‌లో అలాగే ఉంది.

ఆ తర్వాత మేం ప్రతిదానికీ "సర్, మెయిల్ పెట్టండి" అనడం మొదలుపెట్టాం. వాట్సాప్ మెసేజీలు స్క్రీన్‌షాట్లు తీసి దాచుకునేవాళ్లం. మీ టీమ్‌లో పిల్లలు స్క్రీన్‌షాట్లు దాచుకుంటున్నారంటే వాళ్లలో తప్పు వెతక్కండి. మీరు ఏ మాట మీద నిలబడలేదో గుర్తు తెచ్చుకోండి.

ఇది మన ఊళ్ల జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో కస్టమర్‌కి ఎనిమిదేసి ప్రొడక్టులు అంటగట్టాలని టార్గెట్ పెట్టారు. టార్గెట్ భయానికి స్టాఫ్ కస్టమర్లకి తెలియకుండా లక్షల అకౌంట్లు, కార్డులు తెరిచేశారు. 2016 సెప్టెంబర్‌లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికి ఉద్యోగాలు పోయినవాళ్లు సుమారు 5,300 మంది, ఎక్కువమంది కింది స్థాయివాళ్లే. సీఈఓ మొదట నేరమంతా తప్పు చేసిన ఉద్యోగులదే అన్నట్టు మాట్లాడాడు. సెనేట్‌లో నిలదీశాక అక్టోబర్‌లో దిగిపోయాడు. 2020లో ఇంకో 300 కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకున్నారు. చదివినప్పుడు నాకు మా టీచర్ గారే గుర్తొచ్చారు. అంకె పెద్దది, దేశం వేరు, "ఎలాగైనా" అన్న మాట మాత్రం ఒకటే.

కొందరు మేనేజర్లు నాతో అంటారు, బ్యాంకులో నమ్మకమేంటమ్మా, ఇక్కడ ఎవర్నీ నమ్మకూడదు అని. స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళాలు ఎందుకున్నాయి, ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు ఎందుకు పాస్ చేయాలి అని. ఇది నేను అస్సలు ఒప్పుకోను. రిజర్వ్ బ్యాంకు రూలు ప్రకారం కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లు ఏటా కనీసం పది పనిదినాలు, ముందు చెప్పకుండా ఇచ్చే సెలవు మీద వెళ్లాల్సిందే, ఆ రోజుల్లో ఇంకొకరు ఆ సీట్లో కూర్చుంటారు. నేనూ వెళ్తాను. అందరికీ ఒకేలా ఉండే రూలు ఎవర్నీ అవమానించదు. రెండో తాళం నన్ను కూడా కాపాడుతుంది, రేపు ఏదైనా పోతే నేనొక్కదాన్నే తీయలేదని అదే సాక్ష్యం. బ్యాగు తెరవమనడం వేరు. అది ఒక్కరి మీదే, అందరి ముందూ, మేనేజర్ బ్యాగు మాత్రం తెరవకుండా.

స్టాఫ్ కూడా అబద్ధాలాడతారు, తెలుసు. మా బ్రాంచ్‌లో ఒకబ్బాయి ఒకే ఏడాది వాళ్ల నాయనమ్మ పేరు చెప్పి రెండుసార్లు లీవు పెట్టాడు. పిలిచి టీ తెప్పించి అడిగాను. ఇంకో బ్యాంకులో ఇంటర్వ్యూకి వెళ్లానని ఒప్పుకున్నాడు. నాకంటే ముందున్న మేనేజర్‌కి నిజం చెప్తే మూడు నెలలు లీవులన్నీ ఆపేశాడట, అప్పట్నుంచి చెప్పడం మానేశాడు. ఇంటర్వ్యూ అని రాసి పెట్టు, ఇస్తాను అన్నాను. ఇంకో రెండిటికి అలాగే చెప్పి వెళ్లాడు, మూడోది వచ్చింది, నోటీసు పీరియడ్ మొత్తం చేసి, కొత్తగా వచ్చినవాడికి పని నేర్పించి వెళ్లాడు.

ఇక నా తప్పు. మా ఆపరేషన్స్‌లో ఒకమ్మాయికి పెళ్లయి భర్త రాజమండ్రిలో ఉంటాడు. ట్రాన్స్‌ఫర్ అడిగింది. "నేను చూసుకుంటాలే, టెన్షన్ పడకు" అన్నాను. నా చేతిలో లేని పని అది, హెచ్‌ఆర్, జోన్ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆ మాట నమ్మి వాళ్లు అక్కడ ఇంటికి అడ్వాన్సు ఇచ్చేశారు. జోన్‌లో కుదరదన్నారు. ఆ సంగతి నాకు సోమవారం తెలిసింది, ఆ అమ్మాయికి చెప్పడానికి మూడు వారాలు పట్టింది నాకు. మొహం చూపించలేక క్యాబిన్‌లో కూర్చుని ఫోన్లు మాట్లాడుతున్నట్టు ఉండేదాన్ని. చివరికి తనే వచ్చి, "మేడం, కాలేదని నాకు అప్పుడే తెలిసింది, మీరెప్పుడు చెప్తారా అని చూస్తున్నా" అంది. అడ్వాన్సు పోయినందుకు తను బాధపడలేదు, ఆ మూడు వారాలకి బాధపడింది. తను ఇప్పటికీ నాతో మర్యాదగానే ఉంటుంది. ఇంటి విషయాలు మాత్రం చెప్పదు. అప్పట్నుంచి "చూసుకుంటా" అనే మాట వాడడం మానేశాను. నా చేతిలో ఏముందో, ఏం లేదో, ఎప్పటికి తెలుస్తుందో చెప్తున్నాను. చెడ్డ వార్తయితే తెలిసిన రోజే చెప్తున్నాను.

ఈ క్వార్టర్ మా బ్రాంచ్ ఇన్సూరెన్స్ టార్గెట్ చేరదు. నిన్న పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పేశాను, అబద్ధం చెప్పి ఒక్క పాలసీ కూడా రాయొద్దని, ఆ మాట మెయిల్‌లో కూడా పెట్టానని. రేపు ఏడున్నర కాల్‌లో జీరో ఎవరెవరని అడుగుతారు. మా బ్రాంచ్ తరఫున నా పేరొక్కటే చెప్తాను.