గెలవజాలదన్న మాటా, స్త్రీద్వేషమూ: శాండర్స్‌పై ఒక ఆరోపణకు ఖండన

అమెరికాలో సెనేటర్లు బెర్నీ శాండర్స్, ఎలిజబెత్ వారెన్ ఇద్దరూ తలపడిన 2020 డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వ పోటీ నాటి నుంచి చలామణీలో ఉన్న వాదన ఒకటుంది: "మహిళ అధ్యక్ష ఎన్నికలో గెలవజాలదని బెర్నీ శాండర్స్ ఎలిజబెత్ వారెన్‌తోనే అన్నారు, దానికి నలుగురు సాక్షులున్నారు, టీవీ చర్చలో అది తేలిపోయింది, ఆయన అభిమానుల తీరు కూడా అలాంటిదే, కాబట్టి ఆయన స్త్రీద్వేషి."

మొదట ఆ సాక్షుల సంగతి. 2018 డిసెంబరులో వాషింగ్టన్‌లోని వారెన్ నివాసంలో ఆ మాట వచ్చిందంటున్న భేటీలో ఉన్నది శాండర్స్, వారెన్ ఇద్దరే. 2020 జనవరి 13న సీఎన్‌ఎన్ ప్రసారం చేసిన కథనంలోని నలుగురిలో ఇద్దరు ఆ తర్వాత వారెన్ నోట విన్నవారు, మిగిలిన ఇద్దరు భేటీ గురించి తెలిసినవారు. వారి మాట కొట్టిపారేయదగినదేమీ కాదు, ఎందుకంటే వారెన్ ఆ మాటను ఎన్నికల వేడిలో అప్పటికప్పుడు కల్పించలేదని అది సూచిస్తుంది; అయితే గదిలో ఏ మాటలు దొర్లాయో అది చెప్పలేదు. ట్రంప్ స్త్రీలను చులకన చేసే మనిషి, జాతివివక్షాపరుడు, అబద్ధాలకోరు, చేతికందిన దేన్నైనా ఆయుధం చేసుకుంటాడని మాత్రమే తాను అన్నానన్నది శాండర్స్ వివరణ. ఒకే సంభాషణను ఇద్దరు ఇలా రెండు రకాలుగా గుర్తుంచుకోవడం వింతేమీ కాదు.

సరే, వారెన్ చెప్పినదే అక్షరాలా నిజమనుకుందాం. అప్పుడైనా ఆ మాట "గెలవజాలదు" అన్నదే తప్ప "గెలవకూడదు" అన్నది కాదు. టికెట్ ఇచ్చే అధికారం చేతిలో ఉన్న నాయకుడు ఆ జోస్యాన్నే సాకుగా చూపి స్త్రీకి అవకాశం నిరాకరిస్తే అది వివక్షే, అందులో సందేహం లేదు. కానీ ఇక్కడ శాండర్స్ చేతిలో అలాంటి అధికారమేమీ లేదు. పైగా వారెన్ తన ప్రకటనలో, మహిళ గెలవగలదని తాను అనుకున్నానని, ఆయన ఒప్పుకోలేదని చెబుతూనే, దాన్ని ఎన్నికల అంచనాల్లోని తేడాగా పేర్కొని, తమ మధ్య అంతకంటే ఏకాభిప్రాయమే ఎక్కువన్నారు. ఫిర్యాదీ మోపని నేరాన్ని ఆమె తరఫున ఇతరులు మోపుతున్నారు.

జనవరి 14న అయోవా రాష్ట్రంలోని డెమోయిన్‌లో జరిగిన టీవీ చర్చలో తేలిందేమిటి? తాను ఆ మాట అనలేదని శాండర్స్ చెప్పిన మరుక్షణమే, ఆయన అలా అన్నప్పుడు మీకేమనిపించిందని నిర్వాహకురాలు వారెన్‌ను అడిగారు. తేలవలసిన విషయాన్ని తేలినట్టే భావించి వేసిన ప్రశ్న అది, దాన్ని తీర్పుగా చూపడం విడ్డూరం.

అభిమానుల విషయానికొస్తే, వారెన్ ట్విటర్ ఖాతాపై వారు నమ్మకద్రోహి అన్న అర్థంలో పాము బొమ్మలు కుమ్మరించిన మాట వాస్తవం, అది సిగ్గుమాలిన పని. 2016 నాటి శాండర్స్ ప్రచార బృందంలో లైంగిక వేధింపులు జరిగాయన్న ఫిర్యాదులు కూడా వచ్చాయి, 2019 జనవరిలో ఆయన ఆ స్త్రీలకు క్షమాపణ చెప్పారు. ఆయన నాయకత్వంపై నిలదీయదలచినవారికి అవి ఉండగా, సాక్షి లేని సంభాషణను పట్టుకుని వేలాడడమెందుకో అర్థం కాదు.

శాండర్స్ సమర్థకులు తరచూ చూపే 1988 నాటి వీడియోను, మహిళ అధ్యక్షురాలు కాగలదని ఆయన చెప్పినదాన్ని, నేను ఆధారంగా వాడుకోను. ముప్పై ఏళ్ళ కిందటి మాట 2018 నాటి గదిలోకి తొంగిచూడలేదు. అయితే 2015లో వారెన్ అధ్యక్ష బరిలో దిగుతారేమోనని ఆగి, ఆమె కాదన్న తర్వాతే తాను పోటీకి దిగానని శాండర్స్ డెమోయిన్ చర్చలో చెప్పారు. ఆయనను స్త్రీద్వేషి అనేవారు దీనికి మాత్రం బదులివ్వాల్సి ఉంది.