మూడు వేళ్ల ఉప్పు, పిడికెడు బెల్లం

కలరా రోగి ప్రాణం తీసేది ఒంట్లోంచి నీరూ ఉప్పూ పోవడమే. పోయినదాన్ని చాలావరకు నోటి ద్వారానే భర్తీ చేయొచ్చని 1968లో ఢాకా కలరా పరిశోధనశాలలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్‌ చేసిన ప్రయోగం తేల్చింది. పేగు గ్లూకోజును పీల్చుకునేటప్పుడు సోడియాన్నీ వెంట తీసుకుంటుంది, వాటి వెనకే నీరూ వెళ్తుంది. కలరా విషం ఈ దారిని మూసేయలేదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిల్వలు అడుగంటితే వైద్యుడు దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పూ గ్లూకోజూ కలిపిన ద్రావణాన్ని, అంటే ఓఆర్ఎస్‌ను, రోగుల బంధువుల చేతే తాగించింది. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

ఓఆర్ఎస్ గురించి రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది. పల్లె ఇంట్లో త్రాసు ఉండదు. 1980లో ఇంటింటికీ వెళ్లి నేర్పడం మొదలుపెట్టిన బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ బ్రాక్, కొలతను వేళ్లకు దించింది: అర సేరు (దాదాపు అర లీటరు) నీటికి మూడు వేళ్లతో పట్టిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం. చూడ్డానికి నాటు పద్ధతే, కానీ దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి పసిబిడ్డకు ఫిట్స్ రావచ్చు. తీపి మితిమీరితే ఒంట్లోని నీరే పేగులోకి లాగేసుకుని విరేచనాలు ముదురుతాయి. అందుకే తల్లులు కలిపిన ద్రావణాన్ని తీసుకెళ్లి ప్రయోగశాలలో పరీక్షించేవారు.

కార్యకర్తల జీతాన్ని తిరిగిన ఇళ్ల లెక్కకు ముడిపెట్టలేదు. కొన్నాళ్లకు వేరొకరు వెళ్లి, ఎంపిక చేసిన ఇళ్లలో ద్రావణం కలిపి చూపించమనేవారు. తల్లికి ఎంత గుర్తుంటే నేర్పినవారికి అంత డబ్బు. నా దృష్టిలో మొత్తం కార్యక్రమంలో తెలివైన ఏర్పాటు ఇదే.

అయినా మొదట్లో వాడకం పెరగలేదు. కలపడం వచ్చిన తల్లులూ బిడ్డకు పట్టేవారు కాదు. ఆరా తీస్తే, నేర్పేవాళ్లకే నమ్మకం లేదని, తమకు విరేచనాలైతే మాత్రలే వేసుకుంటున్నారని బయటపడింది. ఇంట్లో మగవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పనూ లేదు. శిక్షణ మార్చి, మగవాళ్లతోనూ మాట్లాడాకే పరిస్థితి కుదుటపడింది. 1990 నాటికి దాదాపు 1 కోటి 20 లక్షల ఇళ్లకు చేరారు.

ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు వచ్చాక కొలత బెడద తీరిందనుకోవడం పొరపాటు. లీటరు నీటిలో కలపాల్సిన పొడిని అర లీటరులో కలిపితే ఉప్పు రెట్టింపవుతుంది. గ్లాసుకు కొంచెం చొప్పున వేస్తే ఎంత పడిందో ఎవరికీ తెలియదు. పంచిన ప్యాకెట్ల లెక్క చెప్పే నివేదికల్లో ఈ తప్పులేవీ కనిపించవు. గిన్నెలోని ద్రావణాన్ని పరీక్షిస్తేనే బయటపడతాయి.