కంపెనీ వారి రామభక్తి

ఈస్టిండియా కంపెనీకి మన చరిత్రకారులు తీరని అన్యాయం చేశారు. యుద్ధాలు, శిస్తులు, దోపిడీ అంటూ పేజీలు నింపారే తప్ప, దొరల రామభక్తి గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ లోటు మా మావయ్య తీర్చారు.

ఆయన బీరువాలో పట్టుచీరల కింద, జేబురుమాలులో చుట్టిన రాగి నాణెం ఒకటుంది. ఒకవైపు సీతారామ లక్ష్మణులు, పాదాల దగ్గర ఆంజనేయుడు. రెండోవైపు ఇంగ్లిషులో ఈస్టిండియా కంపెనీ, యూకేఎల్ అనే అక్షరాలు, ఒక అణా, 1818. సరిగ్గా ఆ ఏడాదే కంపెనీ రెండో బాజీరావును లొంగదీసుకుని పీష్వాల రాజ్యాన్ని మింగేసింది. అంత పని ఒత్తిడిలోనూ తలస్నానాలు చేసి పట్టాభిషేకం అచ్చు వేయించారంటే, ఎంత నిష్ఠ!

గిట్టనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. పాత నాణేలు సేకరించే ఒకాయన భూతద్దం పెట్టి చూసి, "ఇది నాణెం కాదు, ఉత్త టోకెనండీ, పూజలో పెట్టుకోండి" అన్నాడు. రాముడి ముఖం అరిగి నున్నగా ఉందట, 1818 మాత్రం నిన్న చెక్కినట్టుందట. 1835లో కంపెనీ అన్ని ప్రాంతాలకూ ఒకే తరహా నాణేలు తెచ్చినప్పుడు కూడా రాగిలో అర్ధణా ఉంది గానీ అణా లేదట. నికెల్ కలిపిన వంకీల అంచు అణా ఎడ్వర్డ్ రాజు హయాంలో, 1907లో గానీ రాలేదట.

"కంపెనీ నాణెం మీద దేవుడే కావాలంటే మద్రాసు వరహాలు చూడండి" అని కూడా చెప్పాడు. వెండి వరహాల మీద ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు. భక్తితో కాదు, దేవుడి బొమ్మ ఉన్న వరహాలకు జనం అలవాటుపడి ఉన్నారు కాబట్టి. నాకైతే ఒళ్లు పులకరించింది. దొరల టంకశాలలో మన లిపి!

మావయ్య ఒకటే అడిగారు. "అందులో హనుమంతుడున్నాడా?"

"లేడండీ."

"మరింకేం నాణెం!"

మహిమ ఉన్న నాణెం బియ్యపు గింజల్ని తనవైపు లాక్కుంటుందట. ఆ రాత్రే ఆ రైస్ పుల్లింగ్ పరీక్ష జరిగింది. పళ్లెంలో బియ్యం పోసి, మధ్యలో నాణెం పెట్టి, ఫ్యాన్ ఆపి, పది మందిమి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అర్ధగంటకు ఒక గింజ కదిలింది. దాని కింద చీమ ఉంది. పవర్ ఇంకా మేల్కోలేదనీ, టెస్టింగ్ ఫీజు కడితే సైంటిస్టును పంపుతామనీ ఫోన్‌లో ఎవరో అభయమిచ్చారు.

పాత నాణేల కొనుగోళ్లు, అమ్మకాలతో తనకు సంబంధం లేదనీ, తన పేరు చెప్పి ఫీజులు అడిగితే నమ్మొద్దనీ రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటన ఇచ్చింది. అది చదివి వినిపించాను. మావయ్య కళ్లు మెరిశాయి. "చూశావా? అంత పెద్ద బ్యాంకు పనిగట్టుకుని కాదంటోందంటే, ఇందులో ఏదో ఉందన్నమాటే."

నిన్న ఎదురింటాయన కూడా జేబురుమాలు విప్పారు. అదే రాముడు, అదే హనుమంతుడు, అదే కంపెనీ. తేదీ మాత్రం 1616. ఆ ఏడాది ఇంగ్లండు రాయబారి థామస్ రో వ్యాపార అనుమతుల కోసం జహంగీర్ దర్బారులో ఇంకా పడిగాపులు కాస్తున్నాడు.

మావయ్య దాన్ని తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, గోటితో గీకి, చెవి దగ్గర మోగించి, జాలిగా తిరిగి ఇచ్చేశారు.

"మీది డూప్లికేట్ అండీ. పూజలో పెట్టుకోండి."