జున్ను చనిపోయింది

మా జున్ను చనిపోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. కార్తీక పౌర్ణమి వెళ్లిన మూడో నాడు తెల్లవారుజామున నా ఒళ్లోనే పోయింది. ఆ రోజు ఫోన్లో ఒక బంధువుతో "జున్ను చనిపోయింది" అన్నాను. "జంతువుకి చనిపోయింది అనరే, చచ్చిపోయింది అంటారు" అని ఆవిడ నన్ను సరిదిద్దారు. ఆ వెంటనే అడిగిన ప్రశ్న, "ఇంతకీ దాన్ని ఎంతకి కొన్నారేంటి?"

అప్పటి నుంచి ఆ రెండు మాటలూ నన్ను వదలడం లేదు. అందుకే రాస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

జున్ను ఒక గినీ పిగ్, కుందేలులా ఇంట్లో పెంచుకునే చిన్న జంతువు. వయసు ఏడేళ్లు దాటింది. ఈ జీవి మామూలుగా బతికేది ఐదు నుంచి ఎనిమిదేళ్లు, అంటే మా జున్ను నిండు ముసలిది. ఈ సంగతి చెబితే చాలామంది నమ్మలేదు. నమ్మకపోవడంలో వింతేమీ లేదు. మన శ్రీకాకుళంలో ముసలి గినీ పిగ్‌ని చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? పిల్లలు పుట్టినరోజుకి అడుగుతారు, పంజరంతో సహా కొనిపెడతాం, చాలా ఇళ్లలో ఏడాది తిరక్కుండానే పోతుంది. "వాటి ఆయుష్షే అంత" అనుకుని ఊరుకుంటాం. మా ఇంట్లోనూ మొదట అదే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

2018 జూన్‌లో విశాఖపట్నంలో ఒక షాపులో రెండు పిల్లల్ని కొన్నాం. అప్పటికి మా పాపకి పదకొండేళ్లు. తెలుపు మీద గోధుమరంగు మచ్చలున్నదానికి జున్ను అనీ, మొత్తం తెల్లగా ఉన్నదానికి మీగడ అనీ తనే పేర్లు పెట్టింది. "ఏది పెట్టినా తింటాయండి, కుందేళ్ల లాంటివే" అన్నారు షాపులో. మేం అన్నం పెట్టాం, బిస్కెట్లు పెట్టాం, దోసకాయ ముక్కలు పెట్టాం. మూడు నెలలకి మీగడ వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టింది. ఎత్తుకోబోతే కీచుమని అరిచేది. ఎక్కడి నుంచో పడి దెబ్బ తగిలించుకుందేమో అనుకున్నాం. చూపించిన చోట కూడా దెబ్బే అన్నారు, యాంటీబయాటిక్ సిరప్ రాశారు. చుక్కలు చుక్కలుగా నోట్లో వేశాను. విరేచనాలు పట్టుకున్నాయి, తిండి పూర్తిగా మానేసింది, నాలుగో రోజుకి పోయింది.

తర్వాత కూర్చుని చదివాను. గినీ పిగ్ ఒంట్లో విటమిన్ సి తయారు కాదు, మన ఒంట్లో తయారు కానట్టే. ఆవు, కుక్క, పిల్లి, చివరికి కుందేలు కూడా తమకి కావలసింది తామే తయారు చేసుకుంటాయి. దీనికి మాత్రం రోజూ తిండిలోనే అందాలి. అందకపోతే కీళ్లు వాచిపోతాయి, నడవలేదు, ముట్టుకుంటే నొప్పి. దాన్నే స్కర్వీ అంటారు. ఇక పెన్సిలిన్ జాతి మందులు, అమాక్సిసిలిన్ లాంటివి, నోట్లో వేస్తే దాని పేగుల్లో ఉండే మంచి బాక్టీరియా నశించి ప్రాణం మీదికి వస్తుంది. కుక్కపిల్లని బతికించే మందు దీన్ని చంపేస్తుంది. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా గినీ పిగ్ ఉంటే ఈ ఒక్క ముక్కా దయచేసి గుర్తుపెట్టుకోండి, డాక్టర్‌ని కూడా అడగండి, అడగడానికి మొహమాటపడకండి.

రోజుకో జామకాయ ముక్క పెట్టి ఉంటే మీగడకి ఆ జబ్బే వచ్చేది కాదు. మా పెరట్లో జామచెట్టు ఉంది. ఆ నెలల్లో కాయలు రాలి నేల మీద కుళ్లిపోతుండేవి, నేను పొద్దున్నే ఊడ్చి పారేసేదాన్ని. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. మీగడని ఆ చెట్టు కిందే పూడ్చాం.

ఆ వెంటనే తిత్లీ తుఫాను వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మా పుట్టిల్లు ఆ తీరంలోనే ఉన్న ఉద్దానం. నాన్నకి కొబ్బరి తోట, కాస్త జీడి ఉండేవి. ఉద్దానంలో ఆ రోజు ఎవరి తోటా మిగల్లేదు. దారి దొరికాక మేం వెళ్లేసరికి నాన్న పడిపోయిన కొబ్బరిచెట్టు మొదలు మీద కూర్చుని, దాన్ని అరచేత్తో నిమురుతూ ఏడుస్తున్నారు. చిన్నప్పటి నుంచి ఆయన కంట నీరు చూడలేదు నేను. "మళ్లీ మొక్క ఏసి కాయ దింపినదాకా నానుంటానేటే?" అన్నారు. అమ్మ అప్పటికే లేదు. ఇంక అక్కడ ఒక్కరినీ వదలలేక మా ఇంటికి తీసుకొచ్చేశాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజు నాన్నని "చెట్టుకి ఏడుస్తావేంటి" అని ఎవరూ అనలేదు. "ఎంతకి కొన్నావు" అని అడగలేదు. ఊరు ఊరంతా ఏడ్చింది. చెట్టు తిండి పెట్టింది కాబట్టి దానికి ఏడవచ్చు. పాలిచ్చే ఆవు పోతే ఏడవచ్చు, పసుపు కుంకుమ పెట్టి సాగనంపుతాం కూడా. కాపలా కాసిన కుక్కకి ఏడ్చినా కొంతవరకు ఒప్పుకుంటారు. పాలివ్వని, కాపలా కాయని, అరచేయంత జీవికి ఏడిస్తే మాత్రం మనిషికేదో అయిందన్నట్టు చూస్తారు.

మరి జున్ను మాకేమీ ఇవ్వలేదా?

నాన్న మా ఇంటికొచ్చిన కొత్తలో వీధి అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తుండేవారు. మాట్లాడేవారు కాదు. అరవై ఏళ్లు మట్టిలో తిరిగిన మనిషికి టౌన్‌లో రెండు గదుల ఇంట్లో చేయడానికి పనేముంటుంది? మూడో రోజో నాలుగో రోజో పంజరం దగ్గర ఆగి, "ఏటిది, సెవులపిల్లా, పందికొక్కా?" అని అడిగారు. (మన పందికొక్కు మాటే ఇంగ్లిష్‌లోకి వెళ్లి బాండికూట్ అయింది. ఇది మాత్రం ఆ జాతి కాదు. గినియా దేశానిదీ కాదు, పందీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల దగ్గరి జీవి.) గడ్డి తింటుందని చెప్పాను. నాన్న వినీ విననట్టు వెళ్లిపోయారు. సాయంత్రం పెరటి గోడ వార నుంచి గుప్పెడు గరిక కోసుకొచ్చి, మట్టి దులిపి, దారంతో చిన్న కట్టలాగా కట్టి, పంజరంలో పెట్టారు. జున్ను కట్ట చివర పట్టుకుని, తల కదపకుండా, దవడ మాత్రం ఆడిస్తూ ఒక్కొక్క పోచనీ లోపలికి లాక్కుంది. ఒక పోచ అయ్యేదాకా ఇంకో పోచ ముట్టదు. నాన్న నేల మీద గొంతుక్కూర్చుని ఆ కట్ట అయిపోయేదాకా చూశారు. తిత్లీ తర్వాత నాన్న మొహంలో నవ్వు చూడడం అదే మొదలు.

ఆ మర్నాటి నుంచి ఆయనకి పని దొరికింది. పెరట్లో జానెడు జాగా చదును చేసి గరిక మడి వేశారు. రోజూ సాయంత్రం నాలుగింటికి కోత. చెప్పుల చప్పుడు పెరటి గుమ్మం దగ్గర వినపడగానే జున్ను "కువీక్, కువీక్" అని ఈల వేసేది, వీధిలోకి వినపడేది. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయనీ, నమలకపోతే నోరు మూతపడిపోతుందనీ నేను పుస్తకాల్లో చదివి చెప్పేలోపే, "లేతది ఒక్కటీ ఎయ్యకు, ముదురుది కూడా కలుపు, పళ్లు అరగాల" అని నాన్నే నాకు చెప్పారు. జామ, ఉసిరి, కాప్సికం, కొత్తిమీర నా వంతు, గడ్డి ఆయన వంతు. 2020 లాక్‌డౌన్‌లో అందరం తిండికి టెన్షన్ పడ్డాం గానీ జున్నుకి ఒక్క పూట కూడా లోటు రాలేదు.

చల్లటి కొండల జీవి, మన ఎండలు తట్టుకోలేదు. ముప్పై డిగ్రీలు దాటితేనే దానికి ప్రమాదం, మనకి మే నెలలో నలభై. కరెంటు పోతే నాన్న తడిపిన గోనెపట్టా కిటికీకి కట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాని తువ్వాలులో చుట్టి దాని పక్కన పెట్టి, విసనకర్ర పట్టుకుని కూర్చునేవారు. ఇది గుంపుగా బతికే జంతువు, ఒంటరిగా పెంచకూడదు. స్విట్జర్లాండ్‌లో అలా ఒంటరిగా పెంచడం చట్టం ఒప్పుకోదు. మీగడ పోయిన భయంతో మేం ఇంకోదాన్ని తేలేదు, అది మా తప్పే. ఆ ఒంటరితనాన్ని కొంతైనా తీర్చింది నాన్నే. తోట సంగతులన్నీ దాంతో చెప్పుకునేవారు.

నాన్న 2022లో పోయారు. పన్నెండో రోజు దాకా ఇంటి నిండా జనం, రోజూ నాలుగింటికి పంజరం లోంచి ఈల. ఎవరో విసుక్కుంటే దాన్ని పడకగదిలో పెట్టి తలుపు వేసి, నేనే వెళ్లి గరిక కోశాను. నాన్న చెప్పులు వేసుకుని వెళ్లాను.

గత ఏడాది నుంచి జున్నుకి ముసలితనం బాగా తెలిసింది. కళ్ల మీద తెల్లటి పొర వచ్చింది. వెనక దంతాలు పెరిగిపోయి నాలుకకి గుచ్చుకుంటుంటే వందకు పైగా కిలోమీటర్లు కారులో విశాఖ తీసుకెళ్లి అరగదీయించాం. ఆ డాక్టర్‌కి ఇలాంటి జీవుల సంగతి బాగా తెలుసు, ఆయన చేతికి దండం పెట్టాలి. ఇంట్లో మినపప్పు తూచే కాటా మీద గిన్నె పెట్టి, అందులో దాన్ని కూర్చోబెట్టి వారం వారం బరువు చూడమన్నది ఆయనే. ఇలాంటి జీవులు జబ్బుని బయటికి కనపడనివ్వవు, బలహీనంగా కనిపిస్తే వేటాడే జంతువు పట్టుకుంటుందని వాటి ఒంట్లోనే ఉన్న భయం. తూకం ఒక్కటే నిజం చెబుతుంది. పాప పాత లెక్కల నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను. జనవరిలో 980 గ్రాములు. జూన్‌లో 890. వినాయక చవితికి 790. దసరాకి 700. చివరిసారి 610.

చివరి రెండు వారాలు తనంతట తాను తినలేకపోయింది. ఒక పూట తినకపోయినా పేగులు ఆగిపోతాయి, అందుకని మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా అలారం పెట్టుకుని, గడ్డి గుళికలు నానబెట్టి మెత్తగా చేసి సూది తీసేసిన సిరంజితో పట్టాను. పెదవి పక్క నుంచి కొద్దిగా పెడితే చప్పరించి మింగేది. గడ్డం మీద పడింది తుడిస్తే కళ్లు మూసుకునేది. మా పాప హాస్టల్ నుంచి వీడియో కాల్ చేసి పిలిస్తే చెవి కదిలేది.

ఆ రాత్రి పట్టింది మింగలేదు. ఇంక బలవంతం చేయలేదు. ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. గడ్డం నా బొటనవేలి మీద ఆనించి పెట్టింది. నాలుగున్నర అయి ఉంటుంది, వీధిలో ఎవరో కార్తీక స్నానానికి వెళ్తున్న మాటలు వినపడ్డాయి. వేలి మీద దాని ఊపిరి వెచ్చగా తగులుతూ తగులుతూ, ఇక తగల్లేదు.

నాన్న పొందూరు పంచె ఒకటి దాచుకున్నాను. అందులో సగం చింపి దాన్ని చుట్టాను. ఇది తెలిసి ఆ బంధువే మళ్లీ ఫోన్ చేశారు, "నాన్న పంచెలో ఎలకని చుట్టావా" అని. నేనేమీ అనలేదు. ఇక్కడ అంటున్నాను. పిన్నీ, ఆ పంచె కట్టుకునే మనిషి దానికి మూడున్నరేళ్లు రోజూ గరిక కోశారు. ఆయన బతికి ఉంటే రెండో సగం కూడా ఇచ్చేవారు. ఎంతకి కొన్నామని అడిగారు కదా, ఆరు వందలకి, రెండూ కలిపి. ఆ లెక్క మీకు దేనికి పనికొస్తుందో నాకు తెలీదు. నేను మాత్రం చనిపోయింది అనే అంటాను, ఎవరు ఎన్నిసార్లు దిద్దినా.

నిన్న రైతు బజారుకి వెళ్లాను. అక్కడ ఆకుకూరలమ్మే మామ్మ ఒకావిడ ఐదేళ్లుగా జున్ను కోసం కాలీఫ్లవర్ ఆకులు, ముల్లంగి ఆకులు విడిగా తీసి ఉంచేది. డబ్బులిస్తే తీసుకునేది కాదు.

"ఏటమ్మా, వారం బట్టీ రాలేదు? నీ గుంటకి తీసినాకులన్నీ వాడిపోనాయి."

"అది లేదు మామ్మా."

చేతిలో కట్ట కింద పెట్టింది. "పోనాదేటి తల్లీ? ఎప్పుడు?"

చెప్పాను. వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. "పున్నం ఎల్లిన మూడో నాడు. కార్తీకంలో పోనాది, మంచి రోజులే. ఎన్నేళ్లుంటాయి?"

"ఏడు దాటాయి."

"ముసిల్దే. నిండుగా బతికినాది." కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ రోజు తీసి ఉంచిన ఆకులన్నీ నా సంచిలో వేసి, పైన ఒక కొత్తిమీర కట్ట పెట్టింది. నేను వద్దనలేకపోయాను.

ఆకులు బజారు బయట ఆవుకి పెట్టాను. కొత్తిమీర ఇంటికి తెచ్చి, జామచెట్టు కింద కట్ట విప్పి, రెండు భాగాలు చేసి, చెరో చోట పెట్టాను.